రోమ్ నుంచి చివితావెక్కియా క్రూజ్ రేవుకి: అయిదుగురం, ఆరు పెట్టెలు. రైలా, కారా?

గోదారి_గట్టు:

నమస్కారం అండి. సెప్టెంబరు రెండో వారంలో చివితావెక్కియాలో క్రూజ్ ఎక్కుతున్నాం. అత్తగారు, మామగారు (మామగారికి మోకాళ్ల నొప్పులు, నడుస్తారు గానీ మెట్లు కష్టం), మేమిద్దరం, పదకొండేళ్ల పాప. పెద్ద పెట్టెలు నాలుగు, క్యాబిన్ పెట్టెలు రెండు. హైదరాబాద్ నుంచి ముందు రోజు మధ్యాహ్నం ఫ్యుమిచీనో ఎయిర్‌పోర్టులో దిగి, ఆ రాత్రి రోమ్‌లో పడుకుని, మర్నాడు రేవుకి వెళ్లాలి. ఓడ సాయంత్రం 5కి కదులుతుంది. హోటల్ రోమ్ ప్రధాన రైల్వే స్టేషన్ టెర్మినీ పక్కన చూస్తున్నాం, ఇంకా డబ్బు కట్టలేదు.

రైల్లో వెళ్తే మనిషికి అయిదారు యూరోలే అంటున్నారు. కానీ రైలు దిగాక రేవు దాకా ఎలా అన్నది ఎవరూ సరిగ్గా చెప్పట్లేదు. కొందరు పది నిమిషాల నడక అంటారు, కొందరు బస్సు అంటారు, కొందరు రెండు బస్సులు అంటారు. ఏది నిజం? ఈ సామానుతో రైలు పెట్టుకోవచ్చా?

పట్టాల_పిచ్చి:

ముందు రైలు సంగతి చెప్తాను, రేవు సంగతి వేరేవాళ్లు చెప్తారు.

హోటల్‌కి డబ్బు కట్టకపోవడం మంచిదైంది. టెర్మినీ పక్కన వద్దు. చివితావెక్కియా వెళ్లే రీజినల్ రైళ్లు (దారిలో ఆగుతూ పోయే మామూలు రైళ్లు) టెర్మినీలో మామూలుగా 25 దాటిన ప్లాట్‌ఫాంల నుంచి బయల్దేరుతాయి. అవి పెద్ద హాల్లో కనిపించవు. 24వ ప్లాట్‌ఫాం పక్క నుంచి స్టేషన్ పొడవునా లోపలికి నడవాలి. ఖాళీ చేతులతోనే అయిదారు నిమిషాలు, ఆరు పెట్టెలతో, మోకాళ్ల నొప్పుల మనిషితో పదిహేను అనుకోండి. ప్లాట్‌ఫాం నంబరు బోర్డు మీద పడేది బయల్దేరడానికి కొద్ది నిమిషాల ముందే కాబట్టి, ఆ తర్వాత నడక మొదలుపెడితే రైలు తప్పిపోతుంది. జనం తప్పిపోయేది ఎక్కువగా ఇక్కడే.

అదే రైలు ఓస్తియెన్సె, ట్రాస్తెవెరె, శాన్ పియెత్రో స్టేషన్లలో కూడా ఆగుతుంది. శాన్ పియెత్రో అంటే వాటికన్ వెనకాల ఉన్న చిన్న స్టేషన్. అక్కడ దగ్గర్లో హోటల్ తీసుకుంటే ప్లాట్‌ఫాం వెతుకులాట ఉండదు, ప్రయాణం కూడా టెర్మినీ నుంచి గంటా పావు పట్టేది గంట లోపే అయిపోతుంది. ఇబ్బంది ఒకటే, రైలు అక్కడ ఒక్క నిమిషమే ఆగుతుంది. ఆరు పెట్టెలు ఎక్కించాలంటే ముందే పని పంచుకోవాలి. ఒకరు ముందు ఎక్కి లోపల అందుకోవాలి, ఒకరు కింద ఉండి అందివ్వాలి, పెద్దవాళ్లూ పాపా పెట్టెలతో సంబంధం లేకుండా పక్క తలుపు నుంచి ఎక్కేయాలి. అందరూ ఒకే తలుపు దగ్గర గుంపుగా నిలబడితే అవ్వదు.

బోర్డు మీద 'చివితావెక్కియా' అనే రాసి ఉంటుందని అనుకోకండి. చివితావెక్కియా దాటి ఇంకా ముందుకి పోయే రైళ్లకి ఆఖరి స్టేషన్ పేరు ఉంటుంది, పీసా అనో గ్రోస్సెతో అనో. ట్రెనితాలియా (ఇటలీ రైల్వే కంపెనీ) యాప్‌లో రైలు నంబరు చూసి పెట్టుకుని బోర్డు మీద ఆ నంబరు వెతకండి.

ఇంటర్‌సిటీ రైలు ఇరవై, ముప్పై నిమిషాలు తొందరగా వెళ్తుంది, సీటు రిజర్వ్ అవుతుంది, అందుకని చాలామంది అదే బుక్ చేస్తారు. మీకు మాత్రం వద్దు. వాటి పాత బోగీలకి ఎక్కే చోట నిటారు మెట్లు, లోపల నడవా ఇరుకు, పెద్ద పెట్టెలు పైన అరలోకి ఎత్తాలి. రీజినల్‌లో కొత్త రైళ్ల తలుపులు దాదాపు ప్లాట్‌ఫాం ఎత్తులోనే ఉంటాయి. డబుల్ డెక్కర్ అయితే పైకీ కిందకీ పోకుండా తలుపు దగ్గర మడత సీట్లు ఉన్న ఖాళీలోనే సామాను పెట్టుకుని కూర్చోండి. సైకిల్ బొమ్మ ఉన్న బోగీ దొరికితే ఇంకా మంచిది.

టికెట్ సుమారు 5 యూరోలు, పాపకి సగం. రీజినల్‌కి సీటు నంబరు ఉండదు. కాగితం టికెట్ కొంటే ఎక్కే ముందు ప్లాట్‌ఫాం దగ్గరి మెషీన్‌లో ముద్ర కొట్టించాలి. ఫోన్‌లో కొంటే ఒకప్పుడు ఎక్కే ముందు అందులోనే చెక్-ఇన్ నొక్కాల్సి వచ్చేది, ఇప్పుడది దానంతటదే అవుతుంది. కాగితం టికెట్‌కి ముద్ర మర్చిపోతే చేతిలో టికెట్ ఉన్నా జరిమానా వేస్తారు, 'మాకు తెలీదండీ' అంటే వదిలెయ్యరు. ఇక టెర్మినీలో టికెట్ మెషీన్ల దగ్గర సాయం చేస్తామని వచ్చేవాళ్లనీ, పెట్టె ఎత్తి పెడతామనేవాళ్లనీ దగ్గరికి రానివ్వకండి. రైల్వే ఉద్యోగులు అలా వెంటపడరు.

రేవు_పహరా:

మీరు విన్న మూడూ ఒక రకంగా నిజమేనండి, ఏ సంవత్సరం రాసిన పోస్టు చదివారన్నదాన్ని బట్టి ఉంటుంది.

స్టేషన్ బయటికొచ్చి కుడి చేతివైపు సముద్రం పక్కనే నడుస్తూ పోతే పది నిమిషాల్లో ఫోర్టే మికెలాంజెలో అనే కోట వస్తుంది. 1508లో బ్రమాంతె అనే వాస్తుశిల్పి మొదలుపెట్టిన కోట, పైభాగం మైకెలాంజిలో పనే అంటారు, అందుకే ఆ పేరు. వెనకటికి ఓడల దగ్గరికి పోయే ఉచిత బస్సులు ఆ కోట గేటు నుంచే ఉండేవి. 'పది నిమిషాల నడక' అనే పోస్టులన్నీ అప్పటివి. ఇప్పుడు ఆ బస్సులు లార్గో దెల్లా పాచె అనే చోట నుంచి నడుస్తున్నాయి. అది ఊరికి ఉత్తరం వైపు, స్టేషన్‌కి దాదాపు రెండు కిలోమీటర్లు. పెద్ద క్రూజ్ ఓడలు ఆగే ధక్కాలు అక్కణ్ణుంచి ఇంకా లోపలికి ఉంటాయి, అక్కడిదాకా నడవనివ్వరు.

అంటే రెండు బస్సులన్నమాట. మొదటిది స్టేషన్ ముందు నుంచి లార్గో దెల్లా పాచెకి, దీనికి టికెట్ కొనాలి. రెండోది అక్కణ్ణుంచి మీ ఓడ టెర్మినల్‌కి, ఇది ఉచితం. రెండో బస్సు ఎక్కేటప్పుడు 'పోర్టు' అంటే చాలదు, ఓడ పేరు చెప్పండి. ఒకే రోజు మూడు నాలుగు ఓడలు ఉంటాయి, ఒక్కో ధక్కాకి ఒక్కో బస్సు. ఒకే కంపెనీ ఓడలు రెండు ఉన్న రోజు కూడా ఉంటుంది కాబట్టి కంపెనీ పేరు కూడా సరిపోదు.

మొత్తం లెక్క వేసుకోండి. రైలు ఎక్కించాలి, దించాలి. చివితావెక్కియాలో పట్టాల కింది దారి గుండా బయటికి రావాలి, లిఫ్ట్ దగ్గర క్రూజ్ జనం అంతా క్యూ కడతారు. బస్సు ఎక్కించాలి, దించాలి. మళ్లీ బస్సు, మళ్లీ దించడం. ఆరు పెట్టెల్ని ఆరుసార్లు ఎత్తడం. పెట్టెలు ఎత్తగలిగేది మీరిద్దరే.

స్టేషన్ దగ్గర టాక్సీలు ఉంటాయి గానీ రైలు దిగిన జనానికి సరిపడా ఉండవు. తీసుకుంటే 'మనిషికా, మొత్తం బండికా, సామానుతో కలిపా' అని ఎక్కే ముందే తేల్చుకోండి. ఒక అంకె చెప్పి, దిగాక అది తలకి అనడం అక్కడ మామూలే. అయిదుగురు, నాలుగు పెద్ద పెట్టెలు ఒక టాక్సీలో పట్టరు కూడా.

ఓడ టెర్మినల్ ముందు పెద్ద పెట్టెలు పోర్టర్లకి ఇచ్చేస్తారు, అవి సాయంత్రానికి మీ గది ముందుకి వస్తాయి. క్రూజ్ కంపెనీ పంపిన లగేజీ ట్యాగులు ఇంట్లోనే ప్రింట్ తీసి, మడిచి, పైన పారదర్శక టేపు చుట్టి, పిడికి స్టేపుల్ చేసుకోండి. ఉత్త కాగితం అయితే బస్సులో రాపిడికే చిరిగిపోతుంది, ట్యాగు లేని పెట్టె రాత్రి పదింటికి గానీ దొరకదు. పాస్‌పోర్టులు, మందులు, పాప ఈత బట్టలు క్యాబిన్ పెట్టెలోనే ఉంచండి. పెద్ద పెట్టెలో పాస్‌పోర్టు పెట్టి పోర్టర్‌కి ఇచ్చేసినవాళ్లని టెర్మినల్ దగ్గర తరచూ చూస్తుంటాం, వాళ్ల మొహాలు చూడలేం.

లెక్కల_మాస్టారు:

పై ఇద్దరూ చెప్పింది సరైనదే. అందుకే నేను కారు అంటాను.

ఇద్దరే అయితే, ఒక్కొక్కరికి ఒక పెట్టె అయితే రైలుకి మించింది లేదు. మీకు అలా కాదు. రైలు అయిదుగురికి పాతిక యూరోల లోపు, దానికి బస్సు టికెట్లు, ఇంకా హోటల్ నుంచి స్టేషన్‌కి ఈ సామానుతో రెండు టాక్సీలు. ముందే బుక్ చేసుకున్న ఎనిమిది సీట్ల వ్యాన్ రోమ్ హోటల్ గుమ్మం నుంచి ఓడ టెర్మినల్ గుమ్మం దాకా సుమారు 150 నుంచి 200 యూరోలు, గంటా పావు నుంచి గంటన్నర. తేడా మనిషికి పాతిక యూరోల దగ్గర తేలుతుంది. మామగారి మోకాళ్లకి ఆ మాత్రం పెట్టొచ్చు.

బుక్ చేసేటప్పుడు 'అయిదుగురు' అని మాత్రమే రాస్తే సరిపోదు. పెద్దవి నాలుగు, చిన్నవి రెండు అని రాయండి, ఓడ పేరూ తేదీ ఇవ్వండి. లేదంటే డ్రైవరు లార్గో దెల్లా పాచెలో దింపి వెళ్లిపోతే మళ్లీ ఆ ఉచిత బస్సు మీకు తప్పదు.

ఇంకో దారి ఉంది. రోమ్ చూడ్డం మీకు అంత ముఖ్యం కాకపోతే ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా చివితావెక్కియా వెళ్లి ఆ రాత్రి అక్కడే పడుకోండి. ఫ్యుమిచీనో నుంచి దూరం తక్కువ, మర్నాడు పరుగు ఉండదు. ఎయిర్‌పోర్టు నుంచి రైల్లో వెళ్లేవాళ్లు కూడా లియొనార్దో ఎక్స్‌ప్రెస్ (14 యూరోలు) ఎక్కకూడదు, అది మధ్యలో ఎక్కడా ఆగకుండా టెర్మినీకి తీసుకుపోతుంది. ఎఫ్‌ఎల్1 అనే లోకల్ రైలు (8 యూరోలు) ఎక్కి ట్రాస్తెవెరెలో దిగి అక్కడ చివితావెక్కియా రైలు పట్టుకోవాలి. ఊళ్లోకి పోయి మళ్లీ అదే దారిన వెనక్కి రావడం దేనికి?

పట్టాల_పిచ్చి:

మాస్టారితో ఏకీభవిస్తాను, ఇంత సామానుకి వ్యానే. కానీ వ్యాన్ రాకపోతే రైలు గతి కాబట్టి సమ్మె సంగతి తెలిసి ఉండాలి. ఇటలీలో రైల్వే సమ్మెలు ముందే ప్రకటిస్తారు, బయల్దేరే ముందు వారం ఒకసారి చూసుకోండి. సమ్మె రోజున కూడా పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9 దాకా, సాయంత్రం 6 నుంచి 9 దాకా రీజినల్ రైళ్లు కొన్ని నడపాలని నియమం ఉంది. మీ ఓడ 5కి కాబట్టి సాయంత్రం రైళ్లు మీకు పనికిరావు. ఉదయం 9 లోపు రైలు ఎక్కాలి, ఎంత ముందు చేరినా సరే. ఆదివారం, సెలవు రోజుల్లో ఆ నియమం కూడా వర్తించదు.

ఇంకోటి, ఓడ 5కి అంటే చెక్-ఇన్ 5 దాకా ఉండదు. బయల్దేరడానికి గంట, గంటన్నర ముందే మూసేస్తారు, మీ బోర్డింగ్ కాగితంలో ఆ టైం ఉంటుంది. వ్యాన్ అయితే పదకొండింటికి హోటల్ నుంచి కదలండి.

గోదారి_గట్టు:

చాలా థాంక్స్ అండి. వ్యానే బుక్ చేస్తాం. హోటల్ కూడా శాన్ పియెత్రో వైపు చూస్తున్నాం, వ్యాన్ రాకపోతే రైలు దగ్గర ఉంటుందని. రెండు చిన్న సందేహాలు. పెట్టెల్లో చిన్న రైస్ కుక్కర్, పచ్చళ్లు, నెయ్యి ఉన్నాయి, ఇబ్బందా? తిరిగి వచ్చిన రోజు మధ్యాహ్నం 12కి ఫ్లైట్ దొరుకుతోంది, తీసుకోవచ్చా?

రేవు_పహరా:

రైస్ కుక్కర్ ఇంట్లోనే వదిలేయండి. వేడి చేసే సామాను ఏదీ, అంటే కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె, గదుల్లోకి రానివ్వరు. స్కానర్‌లో కనిపిస్తే ఆ పెట్టె మీ గదికి రాదు, సెక్యూరిటీ దగ్గర ఆగిపోతుంది, మీరే వెళ్లి తాళం తీసి చూపించాలి. ఎక్కిన రోజు సాయంత్రం ఆ క్యూ పెద్దగా ఉంటుంది.

నెయ్యి సంగతి ఓడ కన్నా ముందే తేలుతుంది. బయటి దేశాల నుంచి వచ్చేవాళ్లు పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి తేకూడదు. నెయ్యి, కోవా స్వీట్లు, నాటుకోడి పచ్చడి మూడూ అందులోకే వస్తాయి. ఆవకాయ, గోంగూర తెచ్చుకోవచ్చు, కంపెనీ సీలుతో ఉన్నవే తెచ్చుకోండి, రెండు కవర్లలో కట్టి పెద్ద పెట్టెలోనే పెట్టండి. క్యాబిన్ పెట్టెలో నూనె పచ్చడిని ద్రవం కింద లెక్కేసి విమానాశ్రయంలో తీసేస్తారు.

12 ఫ్లైట్ వద్దండి. ఓడ తెల్లవారుజామునే రేవులో ఆగినా, జనాన్ని బ్యాచ్‌ల వారీగా దింపుతారు, ముందు రాత్రి గది బయట పెట్టిన పెట్టెలు కింద హాల్లో వెతుక్కోవాలి. వ్యాన్ ఎక్కేసరికి 9 అవుతుంది, ఎయిర్‌పోర్టు 60 కిలోమీటర్ల పైన. మధ్యాహ్నం 2 తర్వాతది చూడండి. మీ పెట్టెలు మీరే లాక్కుని దిగితే ముందు వదులుతారు గానీ, నాలుగు పెద్ద పెట్టెలతో ఆ ర్యాంప్ దిగడం మీకు కుదరదు.

లెక్కల_మాస్టారు:

మీ ఓడ టర్కీ ఓడరేవులకి వెళ్లి మళ్లీ ఇటలీకి వస్తుంటే షెంగెన్ వీసా (ఇటలీకి తీసుకునే యూరప్ వీసా) మల్టిపుల్ ఎంట్రీ, అంటే ఒకసారి బయటికెళ్లి మళ్లీ లోపలికి రానిచ్చేది, అవునో కాదో ఇవ్వాళే చూసుకోండి, టర్కీ షెంగెన్‌లో లేదు. సింగిల్ ఎంట్రీ అయితే చెక్-ఇన్ దగ్గరే ఆపేస్తారు.

గోదారి_గట్టు:

టర్కీలో కుసాదాసి రేవు ఉందండి. వీసా ఇంకా అప్లై చెయ్యలేదు, మల్టిపుల్ అనే పెడతాం.

లెక్కల_మాస్టారు:

అడిగితే సరిపోదు, అప్లికేషన్‌తో పాటు ఓడ ఏ రోజు ఏ రేవులో ఆగుతుందో చూపించే పూర్తి షెడ్యూల్ జతచేయండి. టర్కీ వీసా అవసరం ఉందా అన్నది విడిగా క్రూజ్ కంపెనీని మెయిల్‌లో అడగండి, జవాబు ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి.