నిప్పుల మీద నడవడం క్రైస్తవులకు తగునా?

ఒలీవకొమ్మ:
అందరికీ వందనాలు. మా ఆఫీసులో వచ్చే నెల రెండు రోజుల ట్రైనింగ్ ఉంది. రెండో రోజు రాత్రి అందరినీ నిప్పుల మీద నడిపిస్తారట. పూజ ఏమీ ఉండదు, ఏ దేవుడి పేరూ ఎత్తరు, "భయాన్ని జయించడం" అని దానికి పేరు పెట్టారు. బలవంతం లేదంటున్నారు గానీ టీమ్ మొత్తం నడిచి నేనొక్కదాన్నే పక్కన నిలబడితే ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా. మా పాస్టర్ గారిని అడిగితే ద్వితీయోపదేశకాండము 18:10 చూపించి అంతటితో ఆపేశారు. నాకు ఆ ఒక్క వచనంతో విషయం తేలినట్టు అనిపించలేదు, అలాగని వెళ్లి నడిచేసే ధైర్యమూ లేదు. వారం రోజులుగా ఇదే టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?

రాతిబండ:
మీ పాస్టర్ గారు సరిగ్గానే చెప్పారు సిస్టర్. కొడుకునైనా కూతురినైనా అగ్నిగుండం దాటించేవాడు మీ మధ్య ఉండకూడదని అక్కడ స్పష్టంగా ఉంది, ఇంతకన్నా తేటగా ఎలా చెప్తారు? పూజ లేదు కదా అంటున్నారు. ఈ నడక ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. ద్రౌపదీ అమ్మవారి తీమిది అనే నిప్పుల నడక ఉత్సవాల్లో మొక్కుకుని నడుస్తారు. ఫిజీలో కాలిన రాళ్ల మీద నడిచేవాళ్లు అది తమ పూర్వీకుడికి ఒక ఆత్మ ఇచ్చిన వరం అని చెప్పుకుంటారు. ట్రైనింగ్ వాళ్లు ఆ పేర్లు తీసేసి అక్కడ "నీ లోపలి శక్తి" అని పెట్టారు. నాకు అదే ఇంకా ప్రమాదంగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ మనిషి మొక్కేది తనకు తానే.

లెక్కల మనిషి:
నేనూ విశ్వాసినే, ఫిజిక్స్ చదువుకున్నవాడిని. ఇది అద్భుతం కాదని ముందు ఒప్పుకుంటే సగం గొడవ తీరిపోతుంది. ఎండలో ఇనుప గేటు, చెక్క తలుపు పక్కపక్కనే ఉంటాయి, గేటు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది, తలుపు ముట్టుకుంటే ఏమీ కాదు. రెండింటి మీదా పడింది ఒకే ఎండ. చెక్క లాగే బొగ్గు కూడా తనలోని వేడిని మెల్లగా వదులుతుంది, పైగా దాని మీద బూడిద పొర ఉంటుంది, అరికాలు ఒక్కో అడుగుకి సెకను కన్నా తక్కువే ఆనుతుంది. అందుకే నిప్పులు ఐదారు వందల డిగ్రీల వేడిలో ఉన్నా నాలుగైదు అడుగులు చకచకా వేసేస్తే చాలామందికి ఏమీ కాదు. 1935లో ఇంగ్లండ్‌లో కుదా బక్స్ అనే ఆయన శాస్త్రజ్ఞుల ముందు నడిచి చూపించారు, కాళ్లు కాలలేదు. అదే వేడిలో ఉన్న ఇనుప రేకు మీద నడవమనండి, నడిచేవాడు ఏ మతం వాడైనా చర్మం ఊడొస్తుంది.

కాబట్టి ఇందులో దేవుడి శక్తీ లేదు, దయ్యం శక్తీ లేదు. విగ్రహం వట్టిదని తెలిసినవాడికి దాని ముందు పెట్టిన మాంసం మాంసమే అని పౌలు 1 కొరింథీయులకు 8లో రాసిన దాన్ని బట్టి చూస్తే, తెలిసి నడిచేవాడికి ఇది ఉట్టి నడక. నేనైతే నడుస్తాను.

రాతిబండ:
అదే అధ్యాయం చివరి వచనం కూడా చదవండి బ్రదర్. నా భోజనం నా సహోదరుడికి అభ్యంతరమైతే ఇక ఎప్పటికీ మాంసం తినను అన్నది కూడా పౌలే.

పాతపుస్తకం:
రెండు సంగతులు చెప్పాలి.

మొదటిది ఆ వచనం గురించి. తెలుగు బైబిలులో "అగ్నిగుండము" అనే మాట వాడారు కాబట్టి మనకు వెంటనే కాళ్లతో నడిచే గుండం గుర్తొస్తుంది. కానీ అక్కడ చెప్పింది పిల్లల గురించి, నడిచేవాళ్ల గురించి కాదు. 2 రాజులు 23:10లో యోషీయా రాజు తోఫెతు అనే బలిస్థలాన్ని పాడు చేసింది ఎవరూ తమ బిడ్డను మోలెకు అనే అన్యదేవతకు అగ్నిలో దాటించకుండా చేయడానికే, యిర్మీయా 7:31కి వచ్చేసరికి కుమారులను, కుమార్తెలను కాల్చడం అని సూటిగానే ఉంది. బిడ్డలను బలి ఇచ్చే ఘోరాన్ని ఆఫీసు ట్రైనింగ్‌కి అంటగడితే ఆ వచనం బరువే తగ్గిపోతుంది. నడవకూడదు అనడానికి వేరే కారణాలు ఉండొచ్చు, ఇది మాత్రం కాదు.

రెండోది, క్రైస్తవులు ఈ పని చేయరు అన్నట్టు మాట్లాడుతున్నారు. గ్రీసులో లాంగదాస్, ఆయియా ఎలేని ఊళ్లలో మే 21న పరిశుద్ధ కాన్‌స్టంటైన్, హెలీనాల పండుగనాడు వాళ్ల పటాలు చేత పట్టుకుని డోలు, లైరా వాయిద్యాల మధ్య నిప్పుల మీద నాట్యం చేస్తారు. అది ఆ పరిశుద్ధులు తమను కాపాడడమే అంటారు, అక్కడి ఆర్థడాక్స్ సంఘం మాత్రం దాన్ని అన్యాచారం అని ఎన్నో ఏళ్లు ఎదిరించింది. బల్గేరియాలో ఇలాంటిదే ఒక ఆచారం 2009లో యునెస్కో జాబితాకెక్కింది. స్పెయిన్‌లో సాన్ పెద్రో మాన్రికే అనే ఊళ్లో జూన్ 23 రాత్రి ఇంకొకరిని వీపున ఎక్కించుకుని మరీ నిప్పులు దాటుతారు. అంతకుముందు మధ్యయుగాల సంఘమే నిప్పుతో తీర్పులు తీర్చింది. 1068లో ఫ్లోరెన్స్ దగ్గర పీటర్ అనే సన్యాసి, తమ బిషప్ లంచమిచ్చి పదవి కొన్నాడని రుజువు చేయడానికి మంటల మధ్యగా నడిచి క్షేమంగా బయటికి వచ్చాడట. 1099లో పీటర్ బార్తలోమ్యూ తనకు దొరికిన ఈటె క్రీస్తు ప్రక్కలో పొడిచిన ఈటే అని చూపించడానికి అదే పని చేసి కొద్ది రోజులకే చనిపోయాడు. చివరికి 1215లో నాల్గవ లాటరన్ మహాసభ (రోమ్‌లో జరిగిన సంఘ పెద్దల సభ) ఇలాంటి పరీక్షలను పాదిరులు దీవించకూడదని ఆపేసింది. దేవుడి చేత నిప్పుల్లో సంతకం పెట్టించుకోవాలనే ఆశ బయటి నుంచి మాత్రమే వచ్చింది కాదు, మన ఇంట్లోనూ ఉంది.

కాలిన అడుగు:
రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నేను నడిచాను. ఏడేళ్ల క్రితం, ఇలాంటి ట్రైనింగ్‌లోనే. లెక్కల మనిషి గారు చెప్పిన ఫిజిక్స్ అప్పటికి నాకు తెలియదు. మధ్యలో నా ముందున్నాయన కాస్త నెమ్మదించారు, నేనూ ఆగాను, కాలి వేళ్ల సందులో ఒక నిప్పు ముక్క ఇరుక్కుంది. పది రోజులు చెప్పులు వేసుకోలేకపోయాను. 2016లో అమెరికాలోని డాలస్‌లో జరిగిన ఒక సభలో 30 మందికి పైగా కాళ్లు కాలాయని తర్వాత చదివాను కాబట్టి నాది వింతేమీ కాదు.

కాలు మానిపోయింది. మానంది ఆ ట్రైనర్ అన్న మాట. బొబ్బలు చూసి ఆయన నవ్వుతూ, మధ్యలో మీకు అనుమానం వచ్చి ఉంటుంది సార్, నమ్మకం నిండుగా ఉన్నవాళ్లకి కాలదు అన్నారు. నేను నమ్మాను. ఇంటికొచ్చి, నీళ్ల మీద నడుస్తూ సందేహించి మునిగిపోబోయిన పేతురు గుర్తొచ్చి, నా విశ్వాసం ఇంతే కాబోలు అనుకుని ఏడ్చాను కూడా.

ఆ తర్వాతి ఏడాది మా అమ్మ కిడ్నీ జబ్బుతో మంచాన పడింది. స్వస్థత కూటాలకు తీసుకెళ్లాం, ఉపవాసాలు ఉన్నాం, అయినా పోయింది. అప్పుడు ప్రార్థనకు వచ్చిన ఒకాయన, ఇంట్లో ఎవరికో సందేహం ఉండబట్టే ఇలా అయింది అన్నారు. సరిగ్గా అదే మాట! ఒకరు దేవుడి పేరుతో అన్నారు, ఒకరు దేవుడు లేకుండా అన్నారు, అంతే తేడా. ఆ రోజే నాకు అర్థమైంది నన్ను నిప్పుల దగ్గర పట్టుకున్న అబద్ధం ఏమిటో.

దానియేలు 3లో ఆ ముగ్గురి కథ అందరూ చెప్తారు, నాకు ఆ ట్రైనింగ్‌లో కూడా చెప్పారు, షద్రకు మేషాకు అబేద్నెగోలకు కాలలేదు కదా అని. వాళ్లు నడుచుకుంటూ వెళ్లలేదండీ, నెబుకద్నెజరు రాజు వాళ్లను కట్టించి మండే గుండంలో వేయించాడు. వాళ్లకు తమ ధైర్యం పరీక్షించుకునే సరదా లేదు, బంగారు ప్రతిమకు మొక్కం అన్నారు, అంతే. పైగా 18వ వచనం చూడండి, మా దేవుడు రక్షిస్తాడు, ఒకవేళ రక్షించకపోయినా నీ ప్రతిమకు మాత్రం మొక్కం అన్నారు. రక్షించకపోయినా! నమ్మితే కాలదు అనే బోధలో ఈ మాటకు చోటెక్కడుంది? కాలినా నమ్ముతాం అన్నవాళ్ల కథను తీసుకొచ్చి, కాలితే నువ్వు నమ్మలేదన్నట్టే అని జనానికి నేర్పుతున్నారు.

అందుకే లెక్కల మనిషి గారూ, ఉట్టి నడక అంటే నేను ఒప్పుకోను. ఉట్టి నడక అయితే దానికి వాళ్లు ఫిజిక్స్ చెప్పి నడిపించాలి. చెప్పరు. చెప్తే ఆ రాత్రికి విలువే ఉండదు.

లెక్కల మనిషి:
అన్నా, ఇది నేను ఆలోచించలేదు. నిప్పులో తప్పు లేదనే ఇప్పటికీ అంటాను, కానీ దాన్ని ఏమని చెప్పి నడిపిస్తున్నారో చూడాలన్నది నిజం. నేనైతే నడుస్తాను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, కనీసం అలాంటి చోట.

రాతిబండ:
అమ్మగారి సంగతి చదివి మనసు కష్టంగా ఉంది బ్రదర్. ఆ మాట అన్నవారు ఎవరైనా తప్పు చేశారు. వచనం విషయంలో పాతపుస్తకం గారితో నాకు ఇంకా ఏకాభిప్రాయం లేదు, బలి అయినా నడక అయినా అన్యదేవతల నిప్పే అని నా నమ్మకం. సిస్టర్ అసలు ఆ రాత్రి అక్కడికి వెళ్లకపోవడమే మంచిదని నా సలహా.

ఒలీవకొమ్మ:
అందరి మాటలూ రెండుసార్లు చదివాను. ఈ రోజు మా మేనేజర్ గారితో మాట్లాడాను. నేను నడవను, అది నా విశ్వాసానికి సంబంధించిన సంగతి అని చెప్పాను, సరే అన్నారు, అంత టెన్షన్ పడినదానికి రెండు నిమిషాల్లో అయిపోయింది. రాతిబండ అన్నయ్య గారూ, మీరు వద్దన్నా నేను అక్కడికి వెళ్తున్నాను. మా టీమ్‌లో మొన్ననే చేరిన అమ్మాయి ఒకామె చాలా భయపడుతోంది, నడవలేకపోతే అందరూ ఏమనుకుంటారో అని. తనతో పాటు పక్కన నిలబడే మనిషి ఒకరుంటే చాలు అంది. కాలిన అడుగు అన్నయ్యా, కాళ్లు కాలితే వెంటనే ఏం చేయాలో మీకు తెలిసింది రాయగలరా? చల్లని నీళ్ల బకెట్లు పెట్టమని ముందే అడుగుతాను.

కాలిన అడుగు:
మామూలు చల్లని నీళ్లు చాలమ్మా, ఐస్ పెట్టొద్దు. 20 నిమిషాల పాటు కాలి మీద నీళ్లు పారేలా చూడండి, టూత్‌పేస్టు, పసుపు లాంటివి పూయనివ్వకండి, బొబ్బలు చిదమనివ్వకండి, తర్వాత డాక్టరుకు చూపించండి. నాకు ఆ రోజు ఎవరో ఐస్ ముక్కలు రుద్దారు, మంట ఇంకా ఎక్కువైంది.