ఈ ‘రిజర్వేషన్’కి తెలుగులో ఏం రాయాలి?

అమెరికాలో మోంటానా రాష్ట్రంలోని రాకీ బాయ్ రిజర్వేషన్ మీద చిన్న వ్యాసం రాస్తున్నా. ఇక్కడ రిజర్వేషన్ అంటే ఒక ఆదివాసీ తెగ కోసం ప్రభుత్వం విడిగా ఉంచిన, ఆ తెగ తన పాలన తాను చూసుకునే భూమి. ఒక్క మాట దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను.

అక్కడ ఉండేది చిప్పెవా, క్రీ అనే రెండు ఆదివాసీ జాతులు కలిసిన చిప్పెవా క్రీ తెగ. చిప్పెవా అంటే ఓజిబ్వేలే, అమెరికాలో ఆ పేరు వాడుక. కెనడాలో 1885 తిరుగుబాటు తర్వాత సరిహద్దు దాటొచ్చిన, లిటిల్ బేర్ అనే నాయకుడి క్రీ జనం, సొంత నేల లేక తిరుగుతున్న ఓజిబ్వేలు అడగ్గా అడగ్గా, 1916లో అమెరికా ప్రభుత్వం పాత సైనిక కోట భూమిలో కొంత ఇచ్చింది. అంతకుముందు 1896లోనైతే అమెరికా సైన్యం క్రీలను పట్టుకెళ్లి కెనడాలో వదిలేసింది. చాలామంది మళ్లీ వచ్చేశారు. (రాకీ బాయ్ అన్న పేరూ తప్పు అనువాదమే. ఓజిబ్వే నాయకుడి పేరుకి అర్థం ‘రాతి బిడ్డ’, దాన్ని రాకీ బాయ్ చేశారు. నా భయమూ అదే.)

మొదట ‘రిజర్వేషన్’ అనే రాశా. చదివిన ఇద్దరూ ఉద్యోగాల కోటా అనుకున్నారు. ‘ఎంత శాతం?’ అని కూడా అడిగారు ఒకరు. ‘ఏజెన్సీ’ అని మార్చా. పాడేరు, భద్రాచలం కళ్లముందుకొస్తాయి, బాగానే ఉంది. కానీ ఈ తెగకి 1935 నుంచి సొంత రాజ్యాంగం, ఎన్నికైన పాలకమండలి ఉన్నాయి, ఆ సంగతి ఆ మాటలో పోతోంది. ‘కేటాయించిన భూములు’ అంటే ఇళ్ల పట్టాల్లా ఉంది. ‘రక్షిత ప్రాంతం’ అంటే పులులకి!

‘1916లో చిప్పెవా క్రీలకు ______ ఏర్పాటైంది.’ కింద వివరణ అక్కర్లేకుండా అర్థమయ్యేలా ఈ ఖాళీలో మీరైతే ఏ మాట పెడతారు?