వైజాగ్‌లో స్టార్క్: 2010లో వికెట్ లేదు, 2023లో ఐదు. మధ్యలో ఏం మారింది?

సాగర్‌నగర్_సీమర్

అందరికీ నమస్కారం. ఆస్ట్రేలియా లెఫ్టార్మ్ పేసర్ మిచెల్ స్టార్క్ తొలి వన్డే ఆడింది మన పీఎం పాలెం స్టేడియంలోనే, 2010 అక్టోబర్ 20న. ఒక్క వికెట్ కూడా పడలేదు. కోహ్లీ 118 కొట్టాడు, 290 టార్గెట్ మనవాళ్లు ఊదేశారు. అదే గ్రౌండ్‌లో 2023 మార్చి 19న 8 ఓవర్లు వేసి 53కి 5 తీశాడు, ఇండియా 117కి ఆలౌట్. మళ్లీ 2025 మార్చి 30న ఢిల్లీ క్యాపిటల్స్‌కి ఆడుతూ సన్‌రైజర్స్ మీద 35కి 5.

అనుభవం వచ్చింది కాబట్టి అనే జవాబు వద్దు. బౌలింగ్‌లో ఏం మారిందో తెలిసినవాళ్లు చెప్పండి. లెఫ్టార్మ్ పేస్ వేసే 14, 15 ఏళ్ల కుర్రాళ్లకి ఇందులో ఏది నేర్పొచ్చు, ఏది నేర్పకూడదు?

పాత_స్కోర్‌కార్డు

ప్రధానంగా మారింది లెంగ్త్ అండి, అంటే బంతి పిచ్ మీద పడే చోటు. 2010లో అతనికి 20 ఏళ్లు. ఎత్తు ఉంది, వేగం ఉంది, కానీ బంతి ఎక్కువగా అడ్డంగా బయటికి పోయేది. స్వింగ్ కాని లెఫ్టార్మ్ బంతితో కుడిచేతి బ్యాటర్‌కి పెద్ద ఇబ్బంది ఉండదు. స్టంప్స్ లైన్‌లో పడినా ఆ కోణానికి ఆఫ్ స్టంప్ పక్కనుంచి పోతుంది. కోణం సరిచేద్దామని లెగ్ స్టంప్ బయట వేస్తే ఎల్బీకే ఆస్కారం లేదు. అందుకే లోపలికి స్వింగ్ లేకపోతే లెఫ్టార్మ్ పేసర్ చేతిలో సగం ఆయుధాలు లేనట్టే.

2011లో క్రెయిగ్ మెక్‌డెర్మాట్ ఆస్ట్రేలియా బౌలింగ్ కోచ్‌గా వచ్చాడు. బంతిని పైకి (బ్యాటర్‌కి దగ్గరగా పడేలా) వేయండి, బ్యాటర్‌ని డ్రైవ్ చేయనివ్వండి అన్నది ఆయన పద్ధతి. అదే ఏడాది అక్టోబర్ నుంచి వన్డేల్లో రెండు ఎండ్ల నుంచి రెండు కొత్త బంతులు వచ్చాయి. 2025లో రూల్ మారేదాకా ఏ బంతీ 25 ఓవర్లు దాటేది కాదు కాబట్టి గట్టిదనం చివరిదాకా ఉండేది. పైకి వేసి స్వింగ్ చేసేవాడికి ఇంతకంటే ఏం కావాలి? 2015 వరల్డ్ కప్‌లో 22 వికెట్లు, ప్లేయర్ ఆఫ్ ది టోర్నమెంట్. ఫైనల్ మొదటి ఓవర్లోనే మెకల్లమ్ క్లీన్ బౌల్డ్. 2019 వరల్డ్ కప్‌లో 27, ఒక వరల్డ్ కప్‌లో ఎవరికీ అన్ని లేవు.

ఇక 2023 వైజాగ్ స్పెల్. ఇందులో చూడాల్సింది రోహిత్, సూర్యకుమార్ వికెట్లు. వరుస బంతులు. రోహిత్‌కి ఆఫ్ స్టంప్ బయట, డ్రైవ్ చేయాలనిపించే చోట, కోణంతో అలాగే బయటికి పోయిన బంతి. ఎడ్జ్, స్లిప్‌లో స్మిత్ క్యాచ్. తర్వాతి బంతి సూర్యకి పైకి పడి లోపలికి వంగింది, నేరుగా ప్యాడ్‌కి, ఎల్బీ. రెండూ చేతిలోంచి ఒకేలా బయల్దేరాయి. ఏది ఎటు పోతుందో తెలిసేసరికి బ్యాట్ కదిలిపోయి ఉంటుంది. కేఎల్ రాహుల్ కూడా ఎల్బీనే, సిరాజ్ బౌల్డ్. ఆ ఐదింటిలో మూడు స్టంప్స్ మీదకి వచ్చిన బంతులకే.

ఎకానమీ కూడా గమనించండి, ఓవర్‌కి ఆరుకి పైనే. పైకి వేస్తే స్వింగ్ కాని బంతి హాఫ్ వాలీ (సులువుగా కొట్టే బంతి) అవుతుంది, ఫోర్ పోతుంది. స్టార్క్‌ని ఎకానమీతో కొలిచేవాళ్లంటే నాకు చిరాకు. అతను టీమ్‌లో ఉన్నదే వికెట్ల కోసం.

రెడ్‌బాల్_రత్నం

పైన చెప్పిందానికి చేతి పని కలుపుతాను.

లెఫ్టార్మ్ ఓవర్ ద వికెట్ (ఎడమ చెయ్యి స్టంప్స్‌కి దగ్గరగా ఉండే వైపు నుంచి), కుడిచేతి బ్యాటర్‌కి ఇన్‌స్వింగర్ (లోపలికి వంగే బంతి): చూపుడు వేలు, మధ్య వేలు సీమ్‌కి (బంతి కుట్టుకి) అటూ ఇటూ, బొటనవేలు కింద సీమ్ మీద. సీమ్ మొన కొద్దిగా ఫైన్‌లెగ్ వైపు తిరగాలి. మెరుపు ఉన్న వైపు ఆఫ్ సైడ్‌కి, గరుకు వైపు లెగ్ సైడ్‌కి. వదిలేటప్పుడు మణికట్టు బంతి వెనకే ఉండాలి. ఇది పక్కకి పడిపోయిందంటే సీమ్ గాల్లో ఊగుతుంది, స్వింగ్ పోతుంది, లేదా లెగ్ సైడ్ వైడ్. మన కుర్రాళ్లలో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. సీమ్ మీదుగా తెల్ల టేప్ చుట్టి నెట్స్‌లో సగం రనప్‌తో ఒక ఓవర్ వేయించండి, వెనక నిలబడి చూడండి. టేప్ నిటారుగా గీతలా కనిపిస్తే మణికట్టు బాగున్నట్టు. మసకగా కనిపిస్తే పూర్తి రనప్ జోలికి అప్పుడే పోవద్దు.

రెండో తప్పు తల. స్వింగ్ కోసం భుజాన్ని లాగితే తల పక్కకి పడిపోతుంది, బంతి చెయ్యి దాటగానే దారి తప్పుతుంది.

లెంగ్త్‌కి పాపింగ్ క్రీజు (బ్యాటర్ నిలబడే గీత) ముందు, డ్రైవ్ చేయాలనిపించే బంతి పడే చోట సున్నంతో గడి గీయండి. మొదట అందులో పడితే చాలు, స్టంప్స్ తర్వాత. యార్కర్ కోసం స్టార్క్‌ని చూసి బూట్ల మీదకి వేయమంటారు చాలామంది. అతను 2015లో పెర్త్‌లో గంటకి 160.4 కిలోమీటర్లు అందుకున్నవాడు, అతని యార్కర్ కొంచెం తప్పినా వేగం కాపాడుతుంది. 110తో వేసే పిల్లాడి యార్కర్ తప్పితే ఫుల్‌టాస్, స్టాండ్స్‌లోకి. ముందు స్వింగ్, యార్కర్ తర్వాత.

ఎముకా_క్రికెట్టూ

నేర్పకూడనిది ఏదంటే నా జవాబు: అతని పనిభారం. లెఫ్టార్మ్ బౌలర్‌కి ముందు కాలు కుడి కాలు. ప్రతి బంతికీ శరీర బరువుకి ఎన్నో రెట్లు దాని మీద పడుతుంది. స్టార్క్ దెబ్బలన్నీ వరుసగా పెట్టుకుని చూడండి. 2015 నవంబర్‌లో అడిలైడ్ టెస్టులో పాదం ఎముక చిట్లడం, తర్వాత చీలమండ ఆపరేషన్. 2017లో బెంగళూరు టెస్టు అయ్యాక కుడి పాదం, ఇంటికి ప్రయాణం. 2018లో కుడి కాలి మోకాలి కింది ముందు ఎముక (షిన్), దాంతో ఐపీఎల్‌లో 9.4 కోట్లకి కొన్న కోల్‌కతాకి ఆ సీజన్ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

అతను ఇంతకాలం నిలిచింది ఐపీఎల్ వదిలేయడం వల్ల. 2015లో ఆర్సీబీకి ఆడాక మళ్లీ దిగింది 2024లోనే. ఆ డబ్బు అన్నేళ్లు పక్కన పెట్టడానికి గుండె కావాలి. టెస్టులు కాపాడుకున్నాడు. వందో టెస్టులో, 2025 జూలైలో కింగ్‌స్టన్‌లో 9 పరుగులకి 6, మొదటి 15 బంతుల్లోనే 5. వెస్టిండీస్ 27 ఆలౌట్. ఆ డిసెంబర్‌లో బ్రిస్బేన్‌లో వసీం అక్రమ్ 414 టెస్టు వికెట్లని దాటాడు. కోల్‌కతా 24.75 కోట్లకి కొన్న 2024లో క్వాలిఫయర్, ఫైనల్ రెండింటిలోనూ ప్లేయర్ ఆఫ్ ది మ్యాచ్.

కుర్రాళ్లకి: ఒక స్పెల్ ఐదు ఓవర్లు మించొద్దు, వరుసగా మూడో రోజు బౌలింగ్ వద్దు. నెట్స్‌లో వేసిన బంతులూ లెక్కలోకే. షిన్ ఎముక మీద వేలితో నొక్కితే ఒకే చోట నొప్పి అంటే ఆరోజే ఆపించి ఎముకల డాక్టర్‌కి చూపించండి. ఎక్స్‌రేలో మొదట్లో తెలియకపోవచ్చు, ఎమ్మారై అడుగుతారు.

సాగర్‌నగర్_సీమర్

చాలా థాంక్స్ అండి అందరికీ. ఒక్క సందేహం. 2025 ఐపీఎల్ మ్యాచ్‌లో మన నితీశ్ రెడ్డి కూడా స్టార్క్‌కే డకౌట్, ట్రావిస్ హెడ్ ఎడమచేతి బ్యాటర్ అయినా కీపర్‌కి దొరికాడు. ఎడమచేతి వాళ్లకి ప్లాన్ వేరా?

పాత_స్కోర్‌కార్డు

సీమ్ అదే అండి, ఫలితం తిరగబడుతుంది. కుడిచేతివాడికి లోపలికి వచ్చేది ఎడమచేతివాడికి బయటికి పోతుంది. ఎడ్జ్ తగిలితే కీపర్‌కి పోతుంది. కుర్రాళ్లు ఎడమచేతివాడు రాగానే గ్రిప్ మార్చేస్తారు, అక్కర్లేదు. లైన్ మాత్రం ఆఫ్ స్టంప్ మీదకి జరపాలి, లేకపోతే వంగి వంగి వైడ్ అవుతుంది.

అన్నట్టు, ఈ గ్రౌండ్ ఆ ఇంటికే కలిసొచ్చింది. 2025 అక్టోబర్ 12న అతని భార్య అలీసా హీలీ ఇక్కడే మన అమ్మాయిల మీద 107 బంతుల్లో 142 కొట్టి 331 ఛేజ్ చేయించింది. చిన్నప్పుడు సిడ్నీలో ఇద్దరూ కీపర్లే, ఒకే గ్లవ్స్ కోసం పోటీ. స్టార్క్ టీనేజ్‌లో కీపింగ్ వదిలి బౌలింగ్‌కి మారాడు. అందుకే మీ అకాడమీలో పొడుగ్గా ఉన్న ఎడమచేతి కీపర్ ఎవరైనా ఉంటే ఓసారి బంతి ఇచ్చి చూడండి.