గుట్ట మీది ముసలవ్వ కథ మీ ఊళ్లో కూడా ఉందా?

అమ్రాబాద్ మనవడు:
అందరికీ నమస్తే. మాది అమ్రాబాద్ దగ్గర ఊరు, ఇంటి వెనక చేను, చేను దాటితే నల్లమల గుట్టలే. మా నాయనమ్మ మొన్న సంక్రాంతికి ముందు పోయింది. చిన్నప్పుడు మమ్మల్ని పండుకోబెట్టడానికి ఒక కథ చెప్పేది. దాన్ని ఫోన్‌లో రికార్డు చేద్దామని కూర్చున్నాను కానీ అప్పటికే ఆమెకు ఆయాసం ఎక్కువైంది, సగమే దొరికింది.

గుట్ట మీద ఒక ముసలవ్వ ఉంటుంది, మంత్రాలామె. అమాస రాత్రి కొరివి పట్టుకుని కిందికి దిగుతుంది. తల ఎత్తి చూడదు, చూడకుండానే పేరు పెట్టి పిలుస్తుంది, అదీ ఒక్కసారే. పలికావంటే తెల్లారేసరికి జ్వరం, మూడో రోజుకు మనిషి ఉండడు. అందుకే రాత్రిపూట ఎవరు పిలిచినా మూడోసారికి గానీ పలకొద్దు అనేది నాయనమ్మ. నాకు ముప్పై ఏళ్లు దాటాయి, ఇప్పటికీ చీకట్లో ఎవరైనా పిలిస్తే మొదటిసారికి నోరు రాదు.

రికార్డింగ్ చివర్లో "ఆ అవ్వ పేరేంది నాయనమ్మా" అని ఊరికే అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "పేరుండె బిడ్డా" అన్నది, అంతే, ఇంకేం చెప్పలేదు. పేరుండె అంటే నిజంగా బతికిన మనిషేనా? అప్పట్నుంచి ఇదే ఆలోచన. మీ వైపు ఈ కథ ఎట్లా చెప్తారు? చెంచుల దగ్గర ఇలాంటి మంత్రాలు ఉండేవని మా ఊళ్లో అంటారు, అదెంత నిజం?

దేవరకొండ సారు:
తమ్ముడూ, మూడోసారికి పలకాలన్న మాట మా దగ్గరా ఉంది. దయ్యం రెండోసారి పిలవలేదని నమ్మకం. కొరివి దయ్యం కథలైతే చెరువు ఉన్న ప్రతి ఊళ్లో వింటాం.

నాకు గుర్తొచ్చింది వేరే. తొంభైల్లో "ఓ స్త్రీ రేపు రా" అని తలుపుల మీద రాసుకున్నారు కదా, అప్పుడు నేను అయిదో తరగతి. రాత్రి ఒక ఆడమనిషి వచ్చి తలుపు కొడుతుందని, ఆ రాత చదివి వెనక్కి పోయి మళ్లీ రేపు వస్తుందని, అట్లా రోజూ రేపే అవుతుందని పుకారు. మా వాడలో పెద్దవాళ్లకు చదువు రాదు. అమ్మ నా చేతికి సుద్దముక్క ఇచ్చి ఇంటింటికీ పంపింది. రాసిన ఇంటికల్లా గుప్పెడు పల్లీలు ఇచ్చారు, లాగు జేబులు నిండిపోయాయి. వాడ చివర ఒంటరిగా ఉండే ముసలామె కూడా గడపలో నిలబడి మా ఇంటికీ రాయి బిడ్డా అని అడిగింది. నేను పోబోతుంటే పక్కింటాయన చెయ్యి పట్టుకుని లాగి "ఆమెకెందుకురా" అన్నాడు. నేను రాయలేదు. అప్పుడు అర్థం కాలేదు, ఊళ్లో ఆమెను ఏమనుకుంటున్నారో పెద్దయ్యాక తెలిసింది. ఆ రాత్రి వాడంతటిలో రాత లేని తలుపు ఆమెది ఒక్కటే. ఆమెకు ఎంత భయమేసి ఉంటుందో అని ఇప్పుడు పిల్లలకు పాఠం చెప్తుంటే కూడా గుర్తొస్తుంది.

మన్ననూరు చెంచు యువకుడు:
అన్నా, చెంచుల మంత్రాలు అన్నారు కాబట్టి రాస్తున్నాను. కింది ఊళ్ల వాళ్లు గుట్ట మీద మంత్రగత్తె ఉందంటారు. మేము ఆ గుట్టల్లోనే పుట్టాం, మాకు అడవిలో ఉన్న ఆడదేవత గారెల మైసమ్మ. వేట దొరికినా, గడ్డలు దొరికినా ఆమె ఇచ్చిందే అనుకుంటాం, ముందు ఆమెకు పెట్టాకే మేం తింటాం. సలేశ్వరం జాతరకు చైత్ర పౌర్ణమప్పుడు మీ ఊళ్ల నుంచి కూడా వేలమంది ఆ లోయలోకి దిగి లింగమయ్యకు మొక్కి పోతారు కదా, అప్పుడు లేని భయం మిగతా రోజుల్లో ఎందుకో.

కొరివి సంగతి చెప్తాను. కొండచరియకు పట్టిన పెద్ద తేనెపట్టు తీయాలంటే తీగతో పేనిన తాడు కట్టుకుని దిగాలి, పొగ పెట్టాలి. మా తాత చీకటి పడ్డాకే దిగేవాడట, పట్టపగలు తేనెటీగలు బతకనియ్యవు. పైన తాడు పట్టుకునేది బావమరిది. అక్క బతుకు ఆ తాడు మీదే ఉంటుంది కాబట్టి వాడు చచ్చినా వదలడు, అందుకని. ఇప్పుడు మీ ఊరి నుంచి చూసేవాళ్లకు ఏం కనపడుతుంది? గుట్ట మీంచి ఒక మంట మెల్లగా కిందికి దిగుతుంటుంది. మీ కథ మొత్తం ఇదే అని అనను, కానీ ఆ మంట చూసి తలుపులు వేసుకున్నవాళ్లు ఉండే ఉంటారు.

మర్రిగూడ ఆడబిడ్డ:
ఇది చదివి నాకు ఏడుపొచ్చింది. తల ఎత్తకుండా పేరు పెట్టి పిలుస్తుంది అన్నారు కదా, మా నాయనమ్మ అచ్చం అట్లాగే పిలిచేది.

మా నల్లగొండ వైపు ఫ్లోరైడ్ నీళ్ల సంగతి మీకు తెలిసే ఉంటుంది. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. మా బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే విధానానికి నల్లగొండ పద్ధతి అని మా జిల్లా పేరే పెట్టారు, అంత పేరు మాది. ఏళ్ల తరబడి ఆ నీళ్లే తాగితే వెన్నుపూస బిగుసుకుపోతుంది, నడుము వంగితే మళ్లీ లేవదు. నాయనమ్మకు నలభై దాటకముందే నడుము నేల చూసింది. మనిషి మొహం చూడాలంటే గోడకు ఒరిగి, పక్కకు తిరిగి, కష్టపడి చూడాలి. అందుకని కాళ్లు చూసి గుర్తుపట్టేది. ఎవరి చెప్పు ఎటు అరిగిందో, ఎవరి బొటనవేలు వంకరో, ఎవరి మడమ పగిలిందో అన్నీ తెలుసు. మీరు అటుగా పోతుంటే తల కింది నుంచే పేరు పెట్టి పిలిచేది. మాకది మామూలు. కొత్త పిల్లలు మాత్రం ఉరుకుడే ఉరుకుడు. మంత్రాలది, చూడకుండా పేరు చెప్పింది అని.

ఒకసారి పక్క వాడలో పసిపిల్ల చనిపోతే మా ఇంటి ముందుకు నలుగురు వచ్చారు. పళ్లు పీకాలి అన్నారు. పళ్లు ఊడితే మంత్రం సరిగ్గా పలకదని నమ్మకం, మన తెలంగాణలో ఎంతమందికి అట్లా చేశారో. మా నాయన గొడ్డలి పట్టుకుని గడపలో కూర్చున్నాడు తెల్లారేదాకా. నాయనమ్మ లోపల మంచం మీద కూర్చుని, వచ్చినవాళ్ల కాళ్లు తడిక సందులోంచి చూసి ఒక్కొక్కరి పేరూ మాకు మెల్లగా చెప్పింది. వాళ్లలో ఇద్దరు ఆమె చేత్తో అన్నం తిన్నవాళ్లే.

పాలమూరు వకీలు:
ఒక్క మాట. బిహార్‌లో 1999లో, జార్ఖండ్‌లో 2001లో మంత్రగత్తె అని ముద్ర వేయడం మీదే చట్టం తెచ్చారు. మహారాష్ట్రలో 2013లో, కర్ణాటకలో 2017లో చేతబడి, మూఢాచారాల మీద చట్టాలు వచ్చాయి. మనకూ అలాంటిది రావాలని ఎప్పట్నుంచో అడుగుతున్నాం. అంతవరకు కొట్టినా, పళ్లు పీకినా, ఊరి నుంచి వెళ్లగొట్టినా మామూలు క్రిమినల్ కేసే. మీ ఊళ్లో ఎవరి మీదైనా ఈ మాట మొదలైతే చెయ్యి పడేదాకా ఆగకండి, 100కు ఫోన్ చేయండి.

అమ్రాబాద్ మనవడు:
అక్కా, మీరు రాసింది రాత్రి మా మేనత్తకు ఫోన్ చేసి మొత్తం చదివి వినిపించాను. చాలాసేపు ఊకొట్టలేదు, లైన్ కట్టయిందేమో అనుకున్నాను. తర్వాత చెప్పింది. గుట్ట మీది ఆ అవ్వ మంత్రసాని అట. మా నాయనను, అత్తను, ఊళ్లో సగం మందిని చేతుల్లో పట్టుకున్నది ఆమేనట. ఒకే ఎండాకాలం ముగ్గురు బాలింతలు పోయారు, అంతే, మంత్రసాని కాస్తా మంత్రాలది అయింది. కొడుకు బండి కట్టుకుని గుట్ట అంచుకు తీసుకుపోయి గుడిసె వేశాడు. అక్కడినుంచి అప్పుడప్పుడు దీపం పట్టుకుని దిగి, తను పురుడు పోసిన పిల్లలను చూడటానికి వచ్చి దడి బయటి నుంచి పేరు పెట్టి పిలిచేదట. "మీ నాయనమ్మ పలకొద్దని మా నోరు మూసేది" అన్నది అత్త.

తమ్ముడూ, కొరివి గురించి నువ్వు చెప్పింది కూడా అత్తకు చెప్పాను, గుట్ట మీద అట్లాంటి మంటలు తనూ చూసిందట. చెంచుల మాట నేను అడిగిన తీరు బాగాలేదు, ఏమనుకోకు.

ఫోన్‌లో ఆ రికార్డింగ్‌కు "ముసలవ్వ కథ" అని పేరు పెట్టుకున్నాను. అది తీసేసి ఆమె పేరు పెట్టాను. ఇక్కడ రాయను, మనవలు ఇంకా మా ఊళ్లోనే ఉన్నారు. వచ్చే ఆదివారం వాళ్లింటికి పోతున్నాను.