ఏడో తరగతి గణితం: ఒకే జవాబు లేని ప్రాజెక్టు ఏమివ్వాలి, గోడ మీద ఎలా పెట్టాలి?

ప్రశ్న (హైదరాబాద్, ప్రభుత్వ ఉన్నత పాఠశాల టీచర్):
తరగతిలో 40 మంది. దత్తాంశ నిర్వహణ (డేటా హ్యాండ్లింగ్) పాఠానికి ప్రాజెక్టు ఇస్తే నెట్ సెంటర్ ప్రింట్లు, మెరుపు కాగితాల అంచులు, అన్ని చార్టులూ ఒకేలా వస్తున్నాయి. పిల్లలు నిజంగా ఆలోచించే పని ఏదైనా చెప్పండి. మాది సున్నం గోడ, టేపు నిలవదు. మార్కులు ఎలా వేయాలో కూడా చెప్పగలరా?

జవాబు 1:
మేడం, చార్టులు ఒకేలా వస్తున్నాయంటే లోపం ప్రశ్నలోనే ఉంది. "కమ్మీ చిత్రం (బార్ గ్రాఫ్) గీయండి" అంటే గీసేస్తారు, అంతే. మన నగరంలో చాలా బస్తీలకు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. కాబట్టి ఇలా అడగండి: "నల్లా రాని రోజుకి మీ ఇంట్లో ఎన్ని లీటర్లు నిల్వ ఉండాలి? పక్కింటివాళ్ళు నమ్మేలా లెక్క చూపించండి."

ముందు లీటరు సీసాతో ఇంట్లో బకెట్టు, బిందె ఎంత పడతాయో కొలవాలి. ఈ మెట్టు దాటేస్తే లెక్కంతా పాడవుతుంది, ఎందుకంటే ఏ రెండిళ్ళ బిందెలూ ఒకటి కావు. కొలతకి నీళ్ళు పారబోయక్కర్లేదు, వాడకానికి నింపేటప్పుడే కొలుస్తారు. తర్వాత ఒక బడి రోజు, ఒక ఆదివారం, ఎన్ని నింపారో గీతలు పెట్టాలి. బట్టలన్నీ ఆదివారమే ఉతికే ఇళ్ళలో ఒక్క రోజు కొలిస్తే తప్పుదారి పడతారు. ఫ్లష్ ట్యాంకును దాదాపు అందరూ మరచిపోతారు, ముందే చెప్పకండి. లెక్కలు పోల్చుకునేటప్పుడు వాళ్ళే పట్టుకోవాలి.

అసలు గణితం ఇక్కడే వస్తుంది. వాషింగ్ మెషీన్ ఉన్న ఒక్క ఇల్లు ఇళ్ళన్నిటి సగటును పైకి లాగేస్తుంది, మధ్యగతం (అంకెలను వరుసలో పెడితే నడిమిది) పెద్దగా కదలదు. బస్తీకి దేన్ని చెప్పాలో పిల్లలే వాదించుకోనివ్వండి. ముందుగా ముగించినవాళ్ళకు ఇంకో ప్రశ్న: 2021లో మొదలైన ఉచిత నీటి పథకం నెలకు 20,000 లీటర్లు. అంటే రోజుకు సుమారు 667, ఆరుగురుంటే తలా 111. మీ ఇంటికి సరిపోతుందా?

జవాబు 2:
గోడ సంగతి. సున్నం పొడి టేపు జిగురుకి అంటుకుంటుంది, వానాకాలం చెమ్మతో ఇంకా త్వరగా ఊడుతుంది. కిటికీ ఊచల మధ్య సుతిలి తాడు రెండు వరుసలు కట్టి బట్టల క్లిప్పులు పెట్టండి. కింది తాడుకీ క్లిప్పు లేకపోతే ఫ్యాను గాలికి కాగితాలు తిరగబడతాయి. తాడు మధ్యలో జారకుండా ఆరడుగులకో మేకు కొట్టించండి. కాగితం నడిమి భాగం నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో ఉంటే చాలు. చాలా బడుల్లో పెద్దవాళ్ళ కళ్ళకి సరిపడేలా కడతారు, పిల్లలేమో తలెత్తి చూడాలి.

22×28 అంగుళాల చార్టును నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి 11×14. నలుగురికో బృందం, బృందానికి రెండు ముక్కలు: ఒకటి మొదటి చిత్తు లెక్క, పక్కనే మార్చిన లెక్క. చిత్తును దాచొద్దు. బిడ్డ ఆలోచన ఎక్కడ మారిందో చూపించేది అదే. రెండు నిలువు ముక్కలు పక్కపక్కన పెడితే, మధ్య ఖాళీతో బృందానికి రెండడుగులు, పది బృందాలకు ఒక్కో వరుసకు 20 అడుగుల తాడు. శీర్షిక అంగుళం ఎత్తు అక్షరాలతో, నలుపు లేదా నీలం స్కెచ్ పెన్నుతో. పసుపు దూరానికి కనబడదు.

45 నిమిషాల పీరియడ్లో 12 నిమిషాలు బృందంలో ఇద్దరు తమ కాగితం దగ్గర నిలబడి వివరిస్తారు, మిగతా ఇద్దరు తిరిగి చూస్తారు. తర్వాత మారతారు. చూసినవాళ్ళు "బాగుంది" అని కాకుండా చీటీ మీద ఒక ప్రశ్న రాసి క్లిప్పు చేయాలి. మిగిలిన సమయంలో ఆ ప్రశ్నలను బట్టి లెక్క దిద్దుకుంటారు.

జవాబు 3:
పేర్లు రాయించకండి, ఇల్లు 1, ఇల్లు 2 అనండి. ట్యాంకర్ నీళ్ళు కొనే ఇంటి బిడ్డ, నల్లా లేని ఇంటి బిడ్డ గోడ ముందు చిన్నబోకూడదు.

ఎఫ్ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం)లో ప్రాజెక్టు 5 మార్కులు ఇలా పంచవచ్చు: కొలత విధానం 1, లెక్క 2, ఎంచుకున్న సంఖ్యకి కారణం 1, చీటీ ప్రశ్న తర్వాత చేసిన మార్పు 1. అలంకరణకు సున్నా. ఈ పంపకాన్ని పని ఇచ్చిన రోజే బోర్డు మీద రాస్తే మెరుపు కాగితాలు వాటంతటవే తగ్గుతాయి.