వింజమూరు వైపు మెట్ట ఊళ్లో కుక్కలకి, పిల్లులకి టీకాలు, తిండి: ఎట్టా ప్లాన్ చెయ్యాలి?

మెట్ట_కుర్రోడు

మాది వింజమూరుకి పైన, ఉదయగిరి దారిలో నాలుగొందల గడప ఉండే ఊరు. ఇక్కడ పెంపుడు కుక్క, వీధి కుక్క అని గీత గీయలేం. పగలు ఒకింట్లో గంజి తాగి, రాత్రి ఇంకో ఇంటి అరుగు మీద పడుకుంటాయి. ఒక అరవై ఉంటాయని అంచనా. పిల్లులు ఇరవై దాకా. గొర్రెల మందలు ఆరేడు ఉండాయి, వాటి కాపలా కుక్కలు వేరే లెక్క.

ఊళ్లో ఉండేవాళ్లం, బయట ఉద్యోగాలు చేసేవాళ్లం కలిసి కొంత డబ్బు పోగేశాం. ఒక ఆదివారం బడి ఆవరణలో క్యాంపు పెట్టి రేబిస్ టీకా, నట్టల మందు, పిడుదుల మందు, వచ్చిన ప్రతి కుక్కకీ కడుపు నిండా తిండి, ఇదీ ఆలోచన. ఆ తర్వాత నెలకోసారి తిండి పెట్టాలని. టీకా మందు ఎంత తెచ్చుకోవాలి, ఎట్టా తేవాలి, తిండి ఏం వండాలి, ఎక్కడ తేడా కొడుతుంది? తెలిసినోళ్లు కాస్త వివరంగా చెప్పండి.

కావలి_పశువైద్యం

ఆదివారం వద్దు, బడి ఆవరణా వద్దు. టీకా మందు దాచే రైతు సేవా కేంద్రం ఫ్రిజ్ తాళం ఆదివారం తీసేవాళ్లు దొరకరు. ఇక అరవై కుక్కల్ని ఒకచోటికి చేరిస్తే రెండు జరుగుతాయి. వీధికో గుంపు కాబట్టి కొట్టుకుంటాయి. ఒక్క కుక్కకి పార్వోనో డిస్టెంపరో (ప్రాణం తీసే అంటురోగాలు) ఉన్నా మిగతా కుక్కపిల్లలన్నిటికీ మీరే అంటించినట్టవుతుంది. పైగా బడి దాకా వచ్చేవి ఎవరో ఒకరు గొలుసు కట్టి తెచ్చేవే. అసలు వేయాల్సిన అరుగు కుక్కలు రానే రావు.

గడప గడపకీ తిరగండి. తెల్లారి ఐదుముక్కాలుకి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకి ఆపేయాలి. ఆ వేళకి కుక్కలు ఇంటి దగ్గరే ఉంటాయి, ఎండ ముదరదు. జట్టుకి నలుగురు: సూది వేసేవాళ్లు, పట్టుకునేవాళ్లు, రాసుకునేవాళ్లు, ఆ వీధి కుక్కల పేర్లు తెలిసిన ఒక కుర్రోడు. ఈ నాలుగోవాడు లేకపోతే మిగతా ముగ్గురూ ఉండి లాభం లేదు. సూది మాత్రం రిజిస్టరైన పశువైద్యుడి పర్యవేక్షణలోనే పడాలి. మండల పశువైద్యశాలకి పంచాయతీ తరఫున ముందే అర్జీ ఇవ్వండి. జులై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకి సోకే రోగాల) దినం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. ఆ వారానికి జతచేసుకుంటే మందు ఖర్చు కలిసొస్తుంది.

డోసు బరువుని బట్టి మారదు. కుక్కపిల్లకీ, ఇరవై కిలోల కుక్కకీ, పిల్లికీ ఒకటే, 1 మి.లీ. చర్మం కింద గానీ కండకి గానీ. పది డోసుల వయల్స్ (చిన్న మందు సీసాలు) తీసుకుంటే మీ లెక్కకి పది కావాలి (ఎనభై డోసులు, మందల కుక్కలు, కొంత వృథా). మూత కుట్టిన వయల్‌ని ఆ పూటే వాడేయాలి, మిగిలింది రేపటికి దాచకూడదు. జంతువుకో కొత్త సూది, కొత్త సిరంజి. వాడిన సూదుల్ని గట్టి డబ్బాలో వేసి పీహెచ్‌సీలో అప్పగించండి, చెరువు గట్టున పారేయకండి.

అసలు తేడా కొట్టేది మందు తెచ్చేటప్పుడు. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మందుల షాపులో ప్లాస్టిక్ కవర్లో నాలుగు ఐసు ముక్కలు వేసి ఇస్తారు, బస్సులో ఇంటికొచ్చేసరికి అవి గోరువెచ్చని నీళ్లు. ఇంకొందరు అతి జాగ్రత్తతో డీప్ ఫ్రీజర్లో పెడతారు. గడ్డకట్టిన టీకా కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, పనిమాత్రం చేయదు. వ్యాక్సిన్ క్యారియర్ (టీకాలు చల్లగా మోసుకెళ్లే పెట్టె) అడిగి తెచ్చుకోండి. ఐస్ ప్యాకుల్ని ఫ్రీజర్లోంచి తీసి కాసేపు బయట ఉంచి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినపడ్డాకే క్యారియర్లో పెట్టాలి. వయల్స్‌ని కాగితంలో చుట్టి మధ్యలో ఉంచండి. పక్కన చిన్న థర్మామీటరు.

పట్టుకోవడం: ఇంటావిడ పట్టుకుంటే సగం కుక్కలు కదలవు. మొండికేసిన దానికి మీటరు పొడవు బ్యాండేజీ గుడ్డ చాలు. మధ్యలో వదులు ముడి వేసి ఆ ఉచ్చు మూతికి తొడిగి, ముక్కుకి కళ్లకి నడుమ పైన బిగించండి. కొసలు రెండూ దవడ కిందికి తెచ్చి ఒక ముడి, అక్కణ్నుంచి చెవుల వెనక్కి పోనిచ్చి జారుముడి. సూది పడగానే కొస లాగితే ఊడిరావాలి. కుక్కకి ఒళ్లు చల్లబడేది నోటితో ఒగర్చడం వల్లే కాబట్టి ఎండలో రెండు నిమిషాలకి మించి కట్టి ఉంచకూడదు.

సూది వేశాక ఇరవై నిమిషాలైనా కళ్లముందు ఉండేలా చూడండి. మొహం వాచడం, వాంతి, తూలిపోవడం అరుదే గానీ జరుగుతుంది. అప్పుడు వేయాల్సిన అడ్రినలిన్, అవిల్, డెక్సా మందులు డాక్టరు గారి సంచిలో ఉన్నాయో లేదో బయల్దేరేముందే అడగండి.

మెట్ట_కుర్రోడు

డాక్టర్ గారూ, థాంక్స్. చూలు కుక్కలకి, పాలిచ్చేవాటికి వేయొచ్చా? మూడు నెలలు నిండని పిల్లల సంగతి? అరవైలో ఎన్నిటికి వేస్తే చాలు?

కావలి_పశువైద్యం

చూలుకీ, పాలిచ్చేదానికీ వేయొచ్చు. అది చంపిన వైరస్‌తో చేసిన టీకా. నీరసంగా, జ్వరంతో ఉన్నవాటిని మాత్రం రాసిపెట్టుకుని తర్వాత వేయండి.

సీసా మీద మూడు నెలలనే ఉంటుంది. కానీ ఊరంతటికీ ఒకేసారి వేసేటప్పుడు చిన్నవాటిని వదలొద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతుంది, ఎందుకంటే మళ్లీ అవి చేతికి దొరుకుతాయన్న నమ్మకం లేదు. వేసి, మూడు నెలలు దాటాక ఇంకోటి. మొదటిసారి వేయించుకున్న వాటికి నెల తర్వాత బూస్టరు, ఆపైన ఏటా ఒకటి.

నూటికి డెబ్బై. అంతకు తగ్గితే రోగం గొలుసు తెగదు. నూటికి ఎన్నిటికి పడిందో మీ పుస్తకం చెప్పదు, మొత్తం ఎన్నున్నాయో మీకు తెలియదు గనక. గొర్రెలకి వేసే రంగు డబ్బా ఒకటి దగ్గర పెట్టుకుని టీకా పడిన ప్రతిదానికీ నుదుట చుక్క పెట్టండి. ఆ సాయంత్రం రంగు డబ్బా లేకుండా అన్ని వీధులూ తిరిగి కనపడిన కుక్కల్ని లెక్కేయండి. నలభై కనపడి ఇరవై ఎనిమిదికి చుక్క ఉంటే డెబ్బై శాతం. తగ్గిందా, మర్నాడు పొద్దున ఆ వీధుల్లోనే మళ్లీ.

మందకాపరి_కనిగిరి

అబ్బయా, మందల కుక్కల్ని ఆఖర్న చూద్దాంలే అనుకోబాక. మెట్టలో అవే ముందు. కోతలైన మాగాణుల్లో మంద కట్టడానికి గొర్రెలతో పాటు అవీ కిందికి పోతాయి, మీ ఆదివారానికి ఊళ్లో ఉండవు. మందలు ఊరికి మళ్లే రోజులు కాపరుల్ని అడిగి దాన్నిబట్టి తేదీ పెట్టుకో.

వాటికి టీకాతో పాటు ప్రాజిక్వాంటెల్ (బద్దెపురుగుల మందు) ఉన్న మాత్ర ఖాయంగా పడాలి. గొర్రె మెడ ఒక పక్కకి వాల్చి గుండ్రంగా తిరిగి తిరిగి పడిపోతుంది చూడు, అది మెదట్లో నీటితిత్తి వల్ల. దాన్ని కోసి తలకాయ కుక్కకి పడేస్తారు. ఆ తిత్తిలోంచే కుక్క పేగుల్లో బద్దెపురుగు తయారై, నెలన్నర తిరక్కుండా పేడలో గుడ్లు దిగుతాయి, ఆ గడ్డి మేసిన ఇంకో గొర్రెకి మళ్లీ తిత్తి. కాలేయంలో, ఊపిరితిత్తుల్లో వచ్చే తిత్తుల వెనక ఉండేది ఇంకో రకం బద్దెపురుగు, అది మనుషులకీ అంటుకుంటుంది.

మామూలుగా దొరికే మాత్రలో ప్రాజిక్వాంటెల్ 50, పైరాంటెల్ 144, ఫెబాంటెల్ 150 మి.గ్రా. ఉంటాయి, పది కిలోలకి ఒకటి. మన నాటు కుక్క పన్నెండు నుంచి పద్దెనిమిది కిలోలు, అంటే ఒకటిన్నర మాత్ర దగ్గర. చూపుతో కాదు, కాటా వెయ్యాలి. మనిషి కుక్కని ఎత్తుకుని ఎక్కి, తర్వాత వొట్టి మనిషి ఎక్కితే తేడా తెలిసిపోద్ది. ఉడికిన కార్జం ముక్కలో పెట్టి ఇస్తే గుటుక్కున మింగేస్తుంది. మందల కుక్కలకి మూడు నెలలకోసారి తప్పకూడదు, నెలన్నరకోసారి అయితే ఇంకా మేలు.

మందు పురుగుని చంపుతుంది గానీ గుడ్డుని చంపదు. మాత్ర వేశాక రెండు మూడు రోజులు కుక్కని కట్టేసి, పేడ ఎత్తి పూడ్చాలి. చచ్చిన గొర్రె తలకాయ నాలుగడుగుల గోతిలో సున్నం చల్లి పూడ్చండి, లేదా బాగా ఉడకబెట్టి పెట్టండి. ఇది ఒప్పుకోని కాపరికి మాత్రలు ఊరికే ఇచ్చినా దండగే.

నెల్లూరు_వంటిల్లు

తిండి గురించి. మొలగొలుకుల లాంటి మేలు బియ్యం అక్కర్లేదు, మిల్లు దగ్గర నూకలు తీసుకోండి. పదిహేను కిలోల కుక్కకి రోజుకి ఎనిమిది వందల కేలరీలు దాకా కావాలి: నూకలు 150 గ్రాములు, ఎముక లేని చికెన్ ముక్కలు, కార్జం, కందనకాయ కలిపి 100 గ్రాములు, ఒక పెద్ద చెంచా నూనె. నలభై కుక్కలకి నూకలు 6 కిలోలు, చికెన్ 4 కిలోలు, నూనె 600 మి.లీ. నూకలకి మూడింతల నీళ్లు పోసి డేగిసాలో మెత్తగా ఉడికించి, చికెన్ విడిగా ఉడికించి చిదిమి కలపాలి. చిదిమి కలిపితే ముక్కలు మాత్రమే ఏరుకుని అన్నం వదిలేసే పేచీ ఉండదు.

వెయ్యకూడనివి: ఉల్లి, వెల్లుల్లి (కాబట్టి పెళ్లి సాంబారు, బిర్యానీ మిగుళ్లు రెండూ వద్దు), ఉడికిన కోడి ఎముకలు, ఉప్పు చేపలు. ఉడికిన ఎముక పుల్లల్లా చీలి పేగుకి గుచ్చుకుంటుంది. పచ్చి పేగులు బకెట్లో తెచ్చి పంచడం అసలు వద్దు. పాలు పొయ్యొద్దు, పెద్ద కుక్కలకి చాలావాటికి అరగదు, విరేచనాలు పడతాయి.

విస్తరాకుల్లో పెట్టండి, ఆకుకీ ఆకుకీ నాలుగు మీటర్ల దూరం. ప్లాస్టిక్ కవరులో పెడితే కవరు కూడా తింటాయి. టీకా రోజున మాత్రం ముందు సూది, తర్వాత తిండి. కడుపు నిండిన కుక్క మళ్లీ మీ దగ్గరికి రాదు.

నెలకోసారి తిండి అన్నారే, దాంతో ఏ కుక్క ఆకలీ తీరదు. ఆ డబ్బుతో ఎండాకాలం మూడు నెలలు పాలిచ్చే తల్లులకీ, జబ్బుపడి లేచినవాటికీ రోజూ పెట్టండి. పిల్లలకి నాలుగు వారాలు వచ్చేసరికి తల్లికి మామూలు కంటే రెండు మూడింతలు కావాలి. వీధికి రెండు సిమెంటు నీళ్ల తొట్లు పెట్టి రోజూ కడిగే మనిషిని చూసుకుంటే తిండికన్నా ఎక్కువ ఉపకారం.

ఒంగోలు_పిల్లి

పిల్లుల గురించి ఎవరూ మాట్లాడలేదు. కుక్కల పిడుదుల మందులు (అమిట్రాజ్, డెల్టామెత్రిన్, పర్మెత్రిన్) పిల్లి మీద ఒక్క చుక్క పడకూడదు, వణుకు, మూర్ఛ వచ్చి చస్తుంది. జ్వరమని పారాసెటమాల్ అర మాత్ర ఇచ్చినా ప్రాణం పోతుంది. పైన చెప్పిన ఫెబాంటెల్ మాత్ర కుక్కలది, పిల్లులకి వేరే మాత్ర అడగండి. పట్టుకోవడానికి దిండు గలీబు చాలు. తల బయటకి, ఒళ్లు లోపల.

కుక్కలకైతే 12.5 శాతం అమిట్రాజ్ లీటరు నీళ్లకి 2 నుంచి 4 మి.లీ., గుడ్డతో ఒళ్లంతా తడిపి, కడగకుండా నీడలో ఆరనివ్వాలి. నాలుగు నెలల్లోపు పిల్లలకి వద్దు. రెండు వారాలకి మళ్లీ. చేనుకి కొట్టే మందు కలిపి పూస్తారు కొందరు, చొంగ కారుస్తూ కళ్లముందే పోతాయి. కుక్క మీద ఎంత పూసినా గోడ బీటల్లో, నులక మంచం సందుల్లో పిడుదులు అట్టానే ఉంటే వారానికే మళ్లీ ఎక్కుతాయి. ఆ బీటలు సున్నంతో పూడ్చండి.

మెట్ట_కుర్రోడు

అందరికీ దండాలు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు కూడా అదే రోజు చేయించొచ్చా? పట్టుకునే కుర్రోళ్లకి ఏమైనా జాగ్రత్తలు?

కావలి_పశువైద్యం

ఆపరేషన్ అదే రోజు వద్దు. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం అది జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు ఉన్న సంస్థే చేయాలి. ఆపరేషన్ గది, తర్వాత ఉంచే బోన్లు ఉండాలి, చేశాక పట్టిన చోటే వదలాలి. బాధ్యత స్థానిక సంస్థది, కాబట్టి పంచాయతీ తీర్మానంతో మొదలుపెట్టండి. అది లేకుండా తిండి మాత్రం పెంచుకుంటూ పోతే వచ్చే ఏడాది అరవై తొంభై అవుతాయి, ఊళ్లో మీకే తిట్లు.

కుర్రోళ్లకి ముందుగానే రేబిస్ టీకా వేయించండి, 0, 7, 21 రోజుల్లో, అంటే నెల ముందు నుంచే. కరిస్తే పావుగంట సేపు సబ్బుతో కుళాయి కింద కడిగి నేరుగా పీహెచ్‌సీకి. ముందే వేయించుకున్నవాళ్లకి 0, 3 రోజుల్లో రెండు డోసులు చాలు, సీరం (గాయం చుట్టూ వేసే రేబిస్ విరుగుడు మందు) అక్కర్లేదు. మిగతావాళ్లకి పూర్తి కోర్సు. పసుపు, సున్నం, కారం గాయం మీద పెట్టకండి. కరిచిన కుక్కని కొట్టి చంపకుండా పది రోజులు కట్టేసి చూడాలి.

ఇంకొకటి, ఇది కుర్రోళ్లందరి చేతా రెండుసార్లు చెప్పించండి: కింది దవడ వేలాడేసి, చొంగ కారుస్తూ, గొంతు మారి అరిచే కుక్క కనపడితే గొంతులో ఎముక ఇరుక్కుందేమోనని నోట్లో చెయ్యి పెట్టొద్దు, అది రేబిస్ కావచ్చు. దూరంగా ఉండి మిగతా కుక్కల్ని, పిల్లల్ని పక్కకి తప్పించి పశువైద్యశాలకి ఫోన్ చేయండి. 1962 బండికి కూడా చెప్పొచ్చు, మీ మండలానికి ఆ రోజు ఎటు తిరుగుతుందో వాళ్లే చెబుతారు.