1991 నాటి ఆల్విన్ ఫ్రిజ్ ఇంకా నడుస్తోంది: ఉంచాలా, మార్చేయాలా?

మెహదీపట్నం మాధవి
ఇంట్లో పది రోజులుగా ఇదే గొడవ, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

అమ్మ, తమ్ముడి కుటుంబం ఉండే ఇంట్లో 165 లీటర్ల హైదరాబాద్ ఆల్విన్ ఫ్రిజ్ ఉంది. 1991లో నాన్న కొన్నారు. ఇన్నేళ్లలో థర్మోస్టాట్ రెండుసార్లు, కంప్రెసర్‌ని స్టార్ట్ చేసే రిలే ఒకసారి మార్పించాం. కంప్రెసర్ మాత్రం పుట్టినప్పటిదే. తలుపు కింద తుప్పు పట్టిన చోట అమ్మ వెంకటేశ్వరస్వామి స్టిక్కర్ అంటించింది. ఆదివారం రాత్రి థర్మోస్టాట్ మధ్యలో ఉండే, మంచు కరిగించే ఎర్ర బటన్ నొక్కి పడుకుంటుంది. పొద్దున్నే ట్రేలో చేరిన నీళ్లు తీసుకెళ్లి తులసి కుండీలో పోస్తుంది. ఇది మా ఇంట్లో వారం వారం జరిగే పూజ లాంటిది.

తమ్ముడి బాధ తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం. తెల్ల కార్డు ఉంది కాబట్టి 200 యూనిట్ల లోపైతే బిల్లు సున్నా. పోయిన మేలో 212 వచ్చాయి. ఆ పన్నెండు యూనిట్లకే కడితే సరిపోదు కదా, 200 దాటితే మొత్తం బిల్లు మన నెత్తినే. "అంతా ఆ డొక్కు ఫ్రిజ్ వల్లే" అని వాడు. "అది మీ అందరికంటే నయం, చెప్పిన పని చేస్తుంది" అని అమ్మ.

పాత వస్తువులు నిజంగానే గట్టివా, మనకి అలా అనిపిస్తుందా? మీరైతే ఏం చేస్తారు?

పాతబస్తీ పంకా
మార్చకండి మాధవి గారూ, దండం పెడతా.

శాలిబండలో మా ఇంటి ముందు గదిలో 1974 ఫ్యాన్ తిరుగుతోంది. మోటారు దిమ్మ ఎంత బరువంటే, దింపాలంటే స్టూలు మీద ఒకరు, కింద ఒకరు ఉండాలి. లోపలంతా రాగి వైండింగ్. స్పీడ్ తగ్గితే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి 2.5 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి తెచ్చి వేస్తా. కిర్రుమంటే బేరింగులు మారుస్తా. యాభై ఏళ్లలో దానికి నేను చేసిన సేవ ఇంతే. పై గదిలో వేసిన కొత్త ఫ్యాన్లు మూడు, ఈ ఒక్క ఫ్యాన్ కళ్లముందే పోయాయి.

లెక్కల రావు
పంకా గారూ, 1974లో మీ గల్లీలో ఇంకా ఎన్ని ఫ్యాన్లు కొని ఉంటారు? అవన్నీ ఏవి? పాత సామాన్లవాడి బండెక్కి ఎప్పుడో కరిగిపోయాయి. బతికిన ఒక్కదాన్ని చూసి ఆ కాలం ఫ్యాన్లన్నీ గట్టివంటున్నాం. మా తాత వందేళ్లు బతికాడు కాబట్టి ఆ రోజుల్లో అందరూ వందేళ్లు బతికేవాళ్లు అన్నట్టుంది.

ధర సంగతి కూడా ఎవరూ ఎత్తరు. మా నాన్న మొదటి ఫ్రిజ్‌కి నాలుగు నెలల జీతం పెట్టారు. ఈరోజు ఎవరైనా నాలుగు నెలల జీతం పెట్టి సింగిల్ డోర్ ఫ్రిజ్ కొంటే అది కూడా గట్టిగానే ఉంటుంది.

సనత్‌నగర్ సీత
ఆల్విన్ పేరు చూసి ఆగలేకపోయాను. మా మావయ్య అక్కడే పనిచేసి రిటైర్ అయ్యారు. 1942లో, నిజాం హయాంలోనే పెట్టిన ఫ్యాక్టరీ అది. ఇనప బీరువాలు, బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు, తర్వాత సీకో వాళ్ల సహకారంతో వాచీలు కూడా చేశారు. మన ఊరి డబుల్ డెక్కర్ బస్సుల బాడీలు కూడా వాళ్లు కట్టినవే. తొంభైల్లో ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్‌లో కలిసిపోయింది. ఇప్పుడు కూకట్‌పల్లి వైపు ఆల్విన్ కాలనీ అంటే అందరికీ తెలుసు, ఆల్విన్ అంటే ఏమిటో అక్కడి పిల్లల్ని అడిగితే బస్ స్టాప్ అంటారు.

బస్సు బాడీలు చేసిన చేతులు కదా, ఫ్రిజ్ రేకు మందంగానే ఉండేది. ఇది వాదన కాదు, మావయ్య మీద అభిమానం.

ట్రూప్ బజార్ మెకానిక్
నేను ముప్పై ఏళ్ల నుంచి రిపేర్ షాపు నడుపుతున్న. రావు సార్ చెప్పింది సగం నిజం. చెడిపోయినవి మా షాపుకే వచ్చేవి, నాకు తెలుసు. ఆ కాలంలో కూడా చెత్త సరుకు ఉండె.

తేడా ఒకటి ఉంది. పాతదాంట్ల చెడేవి నాలుగే: థర్మోస్టాట్, రిలే, గ్యాస్కెట్ (తలుపు చుట్టూ ఉండే రబ్బరు), లేదంటే గ్యాస్ లీక్. ఏ కంపెనీ ఫ్రిజ్ అయినా నా డబ్బాలోని రిలేనే పనికొచ్చేది. మిక్సీ ఆగిపోతే కార్బన్ బ్రష్‌లు, కప్లర్ అంతే. స్క్రూ విప్పితే లోపల ఏముందో కంటికి కనబడేది. అందుకే అవి అన్నేళ్లు బతికినయి. చెడకపోవడం వల్ల కాదు, బాగు చెయ్యనిచ్చినయి కాబట్టి.

మాధవక్కా, ఫ్రిజ్ మార్చే ముందు ఒక పని చెయ్యి. తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి తలుపు మూసి, నోటు లాగు. బిగుసుకుని వస్తే మంచిదే. జారి చేతికొస్తే గ్యాస్కెట్ పోయింది. రబ్బరు గట్టిపడ్డదంటే చల్లగాలి రోజంతా బయటికి పోతది, కంప్రెసర్ ఆగకుండ కొట్టుకుంటది. పైన, కింద, హ్యాండిల్ వైపు, నాలుగు చోట్ల చూడు. కీలు వైపు మర్చిపోకు, అందరూ అదే మర్చిపోతరు.

కొండాపూర్ కిరణ్
మెకానిక్ అన్నా, మీరన్నది నాకు మొన్ననే అనుభవం అయింది. వాషింగ్ మెషిన్ నాలుగో ఏడు కన్ను మూసింది. కంపెనీ పేరు చెప్పను. టెక్నీషియన్ వచ్చి, బోర్డు పోయింది సార్, 9,000 అవుతుంది అన్నాడు. మెషిన్ కొన్నదే 21,000. బోర్డులో ఏం పోయిందో చూడమంటే, అది చూడటం కుదరదట, మొత్తం మార్చడమే. నేను తీసి చూశాను. బోర్డంతా జిగురు లాంటి దాంట్లో ముంచి గట్టిపరిచారు.

ఇది కావాలని చేసేదే. 1924లో పెద్ద బల్బు కంపెనీలు జెనీవాలో కూటమి కట్టి, బల్బు 1,000 గంటల కంటే ఎక్కువ వెలగకూడదని ఒప్పందం చేసుకున్నాయి. ఎక్కువ కాలం వెలిగే బల్బులు చేసిన కంపెనీకి జరిమానా! ఫీబస్ కార్టెల్ అని వెతకండి. అదే బుద్ధి ఇప్పుడు బోర్డుల్లో చూపిస్తున్నారు.

ట్రూప్ బజార్ మెకానిక్
కిరణ్ భాయ్, ఆ జిగురు ఎందుకు పోస్తరో చెప్తా. తేమకి, బల్లికి. నవ్వకు. ఏసీ, వాషింగ్ మెషిన్ బోర్డు వెచ్చగ ఉంటది, బల్లి పోయి దాని మీద పడుకుంటది. రెండు లైన్ల మీద కాళ్లు పడితే బల్లీ పాయె, బోర్డూ పాయె. ఎండిపోయి బోర్డుకి అంటుకున్న బల్లుల్ని బ్రష్‌తో గోకి తీసిన రోజులున్నయి. జిగురు పోస్తే బల్లి బాధ తగ్గింది. కానీ ఆ బోర్డు మీద ఇరవై రూపాయల పార్టు పోయినా నేనేం చెయ్యలేను.

లెక్కల రావు
కిరణ్ గారు చెప్పిన బల్బుల కథ నిజమే, కానీ సగమే. ఫిలమెంట్ బల్బు ఎక్కువ కాలం బతకాలంటే మసకగా వెలగాలి. అమెరికాలో లివర్‌మోర్ అనే ఊరి ఫైర్ స్టేషన్‌లో 1901 నుంచి వెలుగుతున్న బల్బు ఉంది, అందరూ దాన్నే చూపిస్తారు. అది ఇప్పుడిచ్చే వెలుగు రాత్రి పడుకునేటప్పుడు వేసుకునే జీరో బల్బు కంటే గొప్పేం కాదు. దాని కింద కూర్చుని పేపర్ చదవమనండి చూద్దాం.

అందుకే వస్తువు వయసు నేను చూడను, రోజుకి ఎన్ని గంటలు నడుస్తుందో చూస్తాను. అమ్మగారి మిక్సీ 40 ఏళ్లదైనా ఉంచుకోండి, రోజుకి పది నిమిషాలు తిరుగుతుంది, అది తినే కరెంటెంత! ఫ్రిజ్ 24 గంటలూ ప్లగ్‌లోనే ఉంటుంది. ఫ్యాన్ పన్నెండు గంటలు. పాత ఫ్యాన్ 75 వాట్లు అనుకుంటే నెలకి 27 యూనిట్లు. తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లు, 11 యూనిట్లు కూడా కాదు. పంకా గారి ఫ్యాన్‌కి పెట్టె లాంటి పాత రెగ్యులేటర్ ఉంటే అది ఇంకో విచిత్రం. స్పీడ్ తగ్గించినా పెద్దగా ఆదా ఉండదు, చాలా కరెంటు ఆ పెట్టెలో వేడిగా పోతుంది. చెయ్యి పెట్టి చూడండి.

పాతబస్తీ పంకా
పెట్టా. వెచ్చగానే ఉంది. అయినా మీ బీఎల్‌డీసీలో కూడా బోర్డే కదా సార్? మా లైన్‌లో ఓల్టేజీ ఎగిరితే ఏం పోతుందో మీకూ తెలుసు. అప్పుడు 11 యూనిట్ల లెక్క కాదు, 3,000 రూపాయల లెక్క.

కుషాయిగూడ టీవీ
ఒక చిన్న మాట. మా ఇంట్లో ఈసీఐఎల్ వాళ్ల ఈసీ టీవీ ఉంది, బ్లాక్ అండ్ వైట్. స్విచ్ వేస్తే ఇప్పటికీ వెలుగుతుంది, చుక్కలు వస్తాయి. అందుకునే దూరదర్శన్ యాంటెన్నా ప్రసారమే లేదు. ఇది పనిచేస్తున్నట్టా, లేనట్టా? మా నాన్నైతే పనిచేస్తోందనే అంటారు, రోజూ తుడుస్తారు.

అంబర్‌పేట్ ఎర్తింగ్
అందరూ యూనిట్లు లెక్కేస్తున్నారు. వానాకాలంలో ఆ ఫ్రిజ్ హ్యాండిల్ ముట్టుకుంటే జివ్వుమంటుందా? అది ముందు చెప్పండి. పాత ప్లగ్గుల్లో ఎర్త్ పిన్ విరిగిపోయి ఉంటుంది, లేదా సాకెట్‌లో ఎర్త్ వైరే ఉండదు. లోపల వైరు పొట్టు ఎండి రాలిపోయి ఉంటుంది. అరికాళ్ల కింద తడి గచ్చు. ఇంట్లో పిల్లలున్నారు కదా. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టించండి. ఆ తర్వాత ఉంచుకుంటారో మారుస్తారో మీ ఇష్టం.

కొండాపూర్ కిరణ్
గ్యాస్ విషయం కూడా ఉంది. ఆ కాలం ఫ్రిజ్‌లలో చల్లబరిచే గ్యాస్ ఆర్-12. ఓజోన్ పొర దెబ్బతింటుందని 1987 మాంట్రియల్ ఒప్పందం కింద ప్రపంచమంతా ఆపేసిన సీఎఫ్‌సీల్లో అదొకటి. మన దగ్గర 2010 కల్లా ఆగిపోయింది. లీక్ అయిందంటే అదే గ్యాస్ మళ్లీ దొరకదు.

ట్రూప్ బజార్ మెకానిక్
అవును. దాని బదులు వచ్చిన ఆర్-134ఏ గ్యాస్ పెడతామంటే లోపలి ఆయిల్ కూడా మార్చాలె, పాత ఆయిల్ దాంతో కలవదు. మార్చకుండ నింపే వాళ్లు ఉన్నరు, ఆరు నెలలకి కంప్రెసర్ జామ్ అయితది. అక్కా, గ్యాస్ పోయిన రోజు నేనే చెప్త, ఇగ పంపించెయ్ అని. అప్పటిదాక గ్యాస్కెట్ చూడు.

మెహదీపట్నం మాధవి
అందరికీ థాంక్స్. నోటు పరీక్ష చేశాను. మూడు వైపులా బిగువే. కీలు వైపు నోటు పెట్టగానే జారి కిందపడింది! రబ్బరు చీలి, లోపలి అయస్కాంతం పట్టీ కనిపిస్తోంది. ఎర్తింగ్ బాగానే ఉందని ఎలక్ట్రీషియన్ చెప్పాడు, కానీ ప్లగ్ మార్చాడు.

ఆఫీసులో ఒకరి దగ్గర ప్లగ్‌కి పెట్టే చిన్న మీటర్ అడిగి తెచ్చాను. గ్యాస్కెట్ మార్చకముందు 24 గంటలకి 1.9 యూనిట్లు. 700 పెట్టి కొత్త గ్యాస్కెట్ వేయించి, గోడకి ఆనించి ఉన్న ఫ్రిజ్‌ని జానెడు ముందుకి జరిపి, వారం ఆగి మళ్లీ చూశాను. 1.3. తమ్ముడు నోరు మూసుకున్నాడు, అమ్మ మూసుకోలేదు.

లెక్కల రావు
రోజుకి 0.6, నెలకి 18. 212 లోంచి 18 తీస్తే 194.

సరే, ఈ రౌండ్ మెకానిక్ గారిది. కానీ కొత్త సింగిల్ డోర్ కొంటే లేబుల్ మీద ఏడాదికి 200 యూనిట్ల లోపే ఉంటుంది, అంటే నెలకి 17. మీది ఇప్పటికీ 39. 194 అంటే అంచు మీద నిలబడ్డట్టే, చుట్టాలొచ్చి నాలుగు రోజులు ఉంటే మళ్లీ 200 దాటుతుంది.

కొండాపూర్ కిరణ్
రావు గారూ, వాళ్లకి బిల్లే సున్నా. 200 దాటని నెలల్లో కొత్త ఫ్రిజ్ మిగిల్చేది ఏముంది? వేసవిలో రెండు నెలలు దాటినా వెయ్యి చిల్లర చొప్పున రెండున్నర వేలు. 15,000 ఫ్రిజ్ డబ్బులు తిరిగి రావడానికి ఆరేళ్లు. అప్పటికి దాని బోర్డు ఉంటుందో, బల్లి ఉంటుందో.

లెక్కల రావు
సింగిల్ డోర్‌లో చాలావాటికి బోర్డు ఉండదు లెండి. ఇంకోటి, సున్నా బిల్లు అంటే కరెంటు ఊరికే పుట్టిందని కాదు. మీరు కట్టకపోతే ప్రభుత్వం కడుతుంది, అంటే నేనూ కడుతున్నాను. కాబట్టి ఆ 22 యూనిట్ల గురించి మాట్లాడే హక్కు నాకుంది.

సనత్‌నగర్ సీత
రావు గారు మీ కరెంటు మీటర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటారేమో చూసుకోండి మాధవి గారూ.

మెహదీపట్నం మాధవి
చివరికి ఏమైందో చెప్పేసి వెళ్తాను. ఈ చర్చంతా అమ్మకి చదివి వినిపించాను. బల్లి దగ్గర నవ్వింది, రావు గారి లెక్కలు మాత్రం శ్రద్ధగా వింది. విని, "ఫ్యాన్‌కి నెలకి పదహారు యూనిట్లు మిగులుతాయా? అయితే హాల్లో ఒకటి, పిల్లల గదిలో ఒకటి మార్చుకోండి. ఫ్రిజ్ జోలికి మాత్రం రావద్దు" అని తీర్పు చెప్పేసింది. శనివారం కొత్త ఫ్యాన్లు బిగిస్తారు. పాత రెండూ కిందికి దింపాలి.

పాతబస్తీ పంకా
అమ్మా తల్లీ, ఫ్రిజ్‌ని కాపాడబోతే ఫ్యాన్ల మీదకొచ్చిందా! అవి ఏ కాలంవి? రాగి వైండింగేనా? కబాడీకి వెయ్యకండి. శనివారం నేనే ఆటో కట్టించుకుని వస్తాను.